ఉత్తరం మీద సొంత లక్కముద్ర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చేత్తో రాసిన ఉత్తరాలకు, కరిగించిన లక్క మీద చెక్కిన అచ్చును వత్తి సొంత ముద్ర వేసుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మనవలకూ, పాత విద్యార్థులకూ పుట్టినరోజులకు ఉత్తరం రాసి పంపడం నాకు అలవాటు. ఆ కవర్లకు నాదంటూ ఒక ముద్ర ఉంటే బాగుంటుందనిపిస్తోంది. దాని మీద ఏం చెక్కించాలి? నా పూర్తి పేరు తెలుగులో చెక్కించవచ్చా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పూర్తి పేరు వద్దనే మా సలహా. ఉత్తరాలకు వాడే ముద్రలు ఎక్కువగా 25 మిల్లీమీటర్ల వెడల్పున ఉంటాయి. చుట్టూ అంచుకు పోగా అక్షరాలకు మిగిలే చోటు బొటనవేలి గోరంత కూడా ఉండదు. తెలుగు అక్షరాలకు పైన తలకట్టో గుడో, కింద ఒత్తో తరచుగా ఉంటుంది కనుక, అంత చోటులో నాలుగైదు అక్షరాలు ఇరికిస్తే ఒత్తులన్నీ పై అక్షరంలో కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. మీ పేరులోనో, ఇంటిపేరులోనో మొదటి అక్షరం ఒక్కటి తీసుకొని, దాన్ని నిండుగా, గుండ్రంగా, గీత లావుగా ఉండేటట్లు రాయించండి. మీ పేరు సంయుక్తాక్షరంతో మొదలవుతున్నట్లయితే ఇంటిపేరు అక్షరం మేలు. మన అక్షరాల గుండ్రదనం గుండ్రని ముద్రలో ఎంత చక్కగా ఒదుగుతుందో వేసి చూస్తేనే తెలుస్తుంది. ల, గ, న, రా వంటి అక్షరాలకు చుట్టూ ఒక సన్నని తీగో, చుక్కల వరుసో ఉంటే చాలు, మరే అలంకారమూ అక్కరలేదు.

ఈ విషయంలో మనకు దారి చూపే పాత ముద్రలు మన నేల మీదనే ఉన్నాయి. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో, రాగి రేకులన్నింటినీ ఒక కడియానికి గుచ్చి, ఆ కడియం కొసలను ఒక ముద్రలో కలిపి బిగించేవారు. ఆ ముద్ర మీద ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న ఒక్క బిరుదు, దానితోపాటు వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, పద్మం వంటి కొద్ది గుర్తులు ఉంటాయి. రాజు వంశావళి, దానం వివరాలు, ఎల్లలు అన్నీ లోపలి రేకుల మీద విస్తారంగా ఉంటాయి. బయటి ముద్రలో మాత్రం ఇది ఎవరిదో చెప్పే గుర్తు ఒక్కటే ఉంటుంది. రాజులు మారినా శాసనాల మీద దాదాపు అదే ముద్ర కొనసాగింది. మీ ముద్ర విషయంలోనూ ఇదే పాటించండి. చెప్పవలసినదంతా ఉత్తరంలో చెప్పండి, ముద్ర మీద మీ గుర్తు మాత్రం ఉంచండి. ఒకసారి నిర్ణయించుకున్నాక దాన్ని మార్చకండి. సంక్రాంతికి ఒకటి, పుట్టినరోజుకు ఒకటి చొప్పున రకరకాల ముద్రలు కొనేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు కానీ, కవరు తిప్పి చూడగానే ఇది అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చిందని పిల్లవాడు పోల్చుకోవాలంటే, ఏళ్ళ తరబడి వాడి కంటికి ఒకే ముద్ర కనిపించాలి.

పోస్టాఫీసువారు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. ఇన్సూరు చేసి పంపే కవర్లకు వేసే లక్క సీళ్ళన్నింటి మీదా పంపినవారి సొంత గుర్తు ఒకటే ఉండాలనీ, నాణెంతో వేసిన ముద్ర గానీ, ఉత్త అడ్డగీతలో వంకరగీతలో ఉన్న ముద్ర గానీ పనికిరాదనీ తపాలా నిబంధనలలో ఉండేది. నాణెం ఎవరి జేబులోనైనా ఉంటుంది, గీతలు ఎవరైనా గీయగలరు. మరొకరి చేతిలో ఉండే అవకాశం లేనిదే ముద్ర అన్న ఆలోచన ఆ నిబంధనకు మూలం.

ఇక చేయించడం సంగతి. ఆఫీసులకూ బ్యాంకులకూ రబ్బరు స్టాంపులు చేసే దుకాణాలలో ఇత్తడి సీళ్ళు కూడా చేసి ఇస్తారు. వారు స్వయంగా చెక్కకపోతే ఎవరి చేత చెక్కించాలో చెబుతారు. రబ్బరు ముద్ర మాత్రం ఈ పనికి తీసుకోకండి, అది వేడి లక్కకు అంటుకొని పాడవుతుంది. ఇత్తడి వేడిని త్వరగా లాగేసుకుంటుంది కాబట్టి లక్క కింద తొందరగా గట్టిపడి, ముద్ర శుభ్రంగా విడివడుతుంది. లోహం మీద అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి ఉండాలి. తెలుగు తెలియని చోట చెక్కిస్తే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అందుకని డబ్బు చెల్లించే ముందే దుకాణంలో కాస్త బంకమట్టి మీదనో, గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్ద మీదనో వత్తి చూడండి. అక్షరం సరైన వైపుకు తిరిగి ఉందో లేదో, చెక్కుడు తగినంత లోతుగా ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. మరొక్క మాట. చూడటానికి హుందాగా ఉంటుందని కొందరు నాలుగు సింహాల చిహ్నాన్ని చెక్కించమని అడుగుతుంటారు. భారత ప్రభుత్వ చిహ్నాన్ని సొంతానికి వాడటం 2005 నాటి చట్టం ప్రకారం నేరం కనుక దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: స్టేషనరీ దుకాణంలో ఎర్ర లక్క కడ్డీ కొని, స్నేహితుడికి రాసిన ఉత్తరం మీద ముద్ర వేశాను. నా దగ్గర ఉన్నప్పుడు అద్భుతంగా ఉంది. అతనికి చేరేసరికి సగం రాలిపోయి, మిగిలిన సగం ముక్కలైందట. పోస్టువారి నిర్లక్ష్యమా, నా లోపమా?
– కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: రెండూ కావు. మీరు కొన్నది బ్యాంకులు, కోర్టులు, పోస్టాఫీసులు సంచులకూ పొట్లాలకూ సీలు వేసే లక్క. ఎవరైనా రహస్యంగా విప్పితే వెంటనే పగిలి ఆ సంగతి బయటపెట్టాలి కాబట్టి దాన్ని పెళుసుగానే తయారుచేస్తారు. బస్తా ముడి మీద దళసరిగా పోసినప్పుడు అది నిలుస్తుంది. వంగే కాగితం మీద పలుచగా పోస్తే, కవరు ఒక్కసారి వంగగానే చిట్లుతుంది.

ఈ లక్క మనకు కొత్తదేమీ కాదు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురే ఇది. దేశంలో జార్ఖండ్ దీనికి పెట్టింది పేరు. ఏటికొప్పాక బొమ్మలకు ఆ మెరుపు వచ్చేది దీనివల్లనే. తరిణ (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనించి పట్టుకుంటే రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. చార్మినారు పక్కన లాడ్ బజారులో గాజులు చేసేదీ దీనితోనే. ఐరోపాలో మధ్యయుగాలలో ఉత్తరాలకూ దస్తావేజులకూ తేనెమైనంలో చెట్టు జిగురు కలిపి ముద్రలు వేసేవారు. 16వ శతాబ్దం నుంచి మన లక్క అక్కడికి చేరి, గట్టి కడ్డీల రూపంలో వాడుకలోకి వచ్చింది. ఆ రోజులలో బ్రిటనులో తపాలా రుసుమును కాగితాల సంఖ్యను బట్టి వసూలు చేసేవారు కనుక, కవరు వాడితే దానికి కూడా మరో కాగితం ధర పడేది. అందుకని రాసిన కాగితాన్నే మడిచి, మడత మీద లక్క వేసి పంపేవారు. 1840లో బరువును బట్టి ఒక పెన్నీ రుసుము వచ్చాక కవర్లు మామూలైపోయాయి, ఆ తరువాత వాటికి బంక కూడా వచ్చింది, దానితో ఉత్తరాన్ని మూయడానికి లక్క అవసరం తీరిపోయింది. మీరు వేస్తున్న ముద్ర కూడా కవరును మూయడానికి కాదు కనుక, మొదట కవరును బంకతో అతికించి, ఆ పైన ముద్ర వేయండి. బరువంతా లక్క మీద పెడితే అది నిలవదు.

తపాలాలో పంపే వాటికి ఇప్పుడు వంగే గుణమున్న ముద్ర మైనం దొరుకుతోంది. పూసల రూపంలో, కడ్డీల రూపంలో అమ్ముతారు. కొనేటప్పుడు ఒక ముక్క తీసుకొని కొద్దిగా వంచి చూడండి. పుటుక్కున విరిగితే అది పాత రకం, నెమ్మదిగా వంగితే మీకు కావలసిన రకం. కడ్డీ మధ్యలో వత్తి ఉన్న రకానికి మసి పట్టే గుణముంది, లేత రంగులలో ఆ మసి నల్లని చారలుగా తేలుతుంది.

ముద్ర ఎక్కడ వేస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. కవరు ముందువైపు కుడి మూలన స్టాంపు ఉంటుంది. పోస్టాఫీసులో తేదీ ముద్ర దాని మీద గట్టిగా పడుతుంది. సరిగ్గా ఆ చోటికి వెనుకవైపున మీ లక్కముద్ర ఉంటే ఆ దెబ్బ దానికీ తగులుతుంది. మూత మొన దిగువకు, కవరు నడిమధ్యకు వచ్చే రకం కవర్లు ఎంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. పెద్ద నగరాలలో ఉత్తరాలు యంత్రాల బెల్టుల మధ్య నుంచి కూడా వెళతాయి కనుక, ముద్ర ఎంత పలుచగా ఉంటే అంత క్షేమం. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఏమిటంటే, ముద్ర వేసిన కవరును ఇంకో సాదా కవరులో పెట్టి, చిరునామా బయటి కవరు మీద రాయడం. రెండు కవర్ల బరువు కలిపి 20 గ్రాములు దాటితే రుసుము పెరుగుతుంది, కాబట్టి తూకం వేయించి స్టాంపులు అంటించండి. ఇన్‌లాండ్ లెటరు మీద మాత్రం ముద్ర వేయకండి, దానికి ఏదీ జతపరచకూడదు.

ప్రశ్న: ముద్ర లక్కకు అంటుకుపోయి ఊడి రావడం లేదు. లాగితే అక్షరం చెరిగిపోతోంది. మైనం అయిపోయినప్పుడు ఇంట్లో ఉన్న కొవ్వొత్తితో కూడా ప్రయత్నించాను, కవరంతా నూనె మరకలయ్యాయి. సరైన పద్ధతి వివరంగా చెప్పగలరా?
– గుంటూరు నుంచి ఒక గృహిణి

జవాబు: కొవ్వొత్తి మైనం ఈ పనికి అసలు తగదు. అది కాగితంలోకి ఇంకి నూనె మరక చేస్తుంది, కాగితాన్ని గట్టిగా పట్టుకోదు, పైగా పల్నాటి ఎండలలో ఇనుప తపాలా పెట్టె లోపల మెత్తబడి పక్క ఉత్తరాలకు అంటుకుంటుంది. మన ఉత్తరం వల్ల మరొకరి ఉత్తరం పాడవడం ఎంత మాత్రం మంచిది కాదు.

ముద్ర అంటుకుపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఇత్తడి వేడిగా ఉండటం. మొదటి ముద్ర చక్కగా వచ్చి, మూడోదో నాలుగోదో అంటుకుందంటే ముద్ర వేడెక్కిందని అర్థం. ఒక స్టీలు గిన్నెలో మంచుముక్కలు వేసి, వాటి మీద పలుచని పొడిబట్ట పరచి, దాని మీద ముద్రను బోర్లించి ఉంచండి. వేసే ముందు తీసి తడి లేకుండా తుడవండి. నీటి బొట్టు మిగిలితే లక్క మీద చిన్న గుంట పడుతుంది.

ఇప్పుడు కరిగించడం. చిన్న గరిటెలో మూడు నాలుగు పూసలు వేసి, చిన్న దీపం మంటకు కాస్త పైన పట్టుకోండి. మంట గరిటెకు తగలకూడదు. పూసలు ముందు అంచుల దగ్గర మెత్తబడి, ఒకదానిలోకి ఒకటి జారి, చివరకు తేనెలాగా మెల్లగా కదులుతాయి, అక్కడే ఆపాలి. ఇంకా వేడి చేస్తే బుడగలు లేస్తాయి, ఆ బుడగలే ముద్ర మీద సూది గుచ్చినట్లు రంధ్రాలవుతాయి. ఒకవేళ లేస్తే గరిటెను మంట మీద నుంచి తీసి, పుల్లతో నెమ్మదిగా కలిపి, అవి అణగేదాకా ఆగండి.

పోసేటప్పుడు గరిటెను కవరుకు దగ్గరగా దించి, ఒకే చోట, కదల్చకుండా పోయండి. లక్క తనంతట తాను గుండ్రంగా పరుచుకుంటుంది. వెంటనే వత్తకూడదు. కవరు మీద దాని అంచు మెరుపు తగ్గి కొద్దిగా మందగించే వరకు, అంటే కొద్ది సెకన్లు ఆగి, అప్పుడు ముద్రను నిటారుగా దించండి. చాలామంది బలంగా అదుముతారు, దానివల్ల లక్కంతా పక్కలకు పోయి మధ్యలో పలుచబడి కాగితం కనిపిస్తుంది. ముద్ర బరువుకు తోడు చేతి బరువు కొద్దిగా ఉంటే చాలు. తరువాత చేయి తీసేసి, ముద్రను అలాగే అర నిమిషం వదిలేయండి. చల్లారిన తరువాత కొద్దిగా అటూ ఇటూ కదిపితే చిన్న శబ్దంతో దానంతట అది విడివడుతుంది. విడివడకపోతే లాగకండి, మరి కాస్త సేపు వదిలేయండి. అప్పటికీ రాకపోతే ఇత్తడి పక్కన ఒక మంచుముక్క ఆనించండి.

అంచు ప్రతిసారీ ఒక్క తీరుగా రాదు, ఒకవైపు కాస్త ఎక్కువ పొంగుతుంది. దాన్ని కత్తిరించి సరిచేసేవారున్నారు గానీ, మా దృష్టిలో ఆ పొంగే అందం. ఎవరో కూర్చొని చేత్తో వేశారని దాన్ని చూస్తేనే తెలుస్తుంది. మెరుగు కాగితంతో చేసిన కవర్ల మీద లక్క పట్టదు, చేతికాగితమో గరుకు కాగితమో వాడండి. కరిగిన లక్క చర్మానికి అంటుకొని కాలుస్తుంది. పొరపాటున పడితే లాగకుండా వెంటనే చల్లని నీటి ధార కింద చేయి పెట్టండి. పిల్లలు చేస్తామంటే కరిగించే పని మీరు చేసి, వత్తే పని వారికివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలు ఇక్కడి బంధువులకు తపాలాలో పంపుతున్నాం. కవర్లకు వినాయకుడి లక్కముద్ర వేయాలనుకున్నాం. యంత్రాలలో పాడవుతాయా?
– అమెరికా, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమెరికా తపాలా శాఖ మందం సమంగా లేని కవర్లను యంత్రాలలో వెళ్ళలేనివిగా లెక్కించి అదనపు రుసుము తీసుకుంటుంది, చతురస్రాకారపు కవర్లకు కూడా అంతే. కాబట్టి ఒక శుభలేఖను పూర్తిగా సిద్ధం చేసి పోస్టాఫీసుకు తీసుకెళ్ళి తూకం వేయించి, ఎంత అంటించాలో అడిగి తెలుసుకొని, మీ చిరునామాకే ఒకటి పంపి చూసుకోండి. అదనపు రుసుము కట్టినంత మాత్రాన ముద్ర యంత్రంలోకి వెళ్ళదన్న పూచీ ఉండదు, బయటి కవరు వేయడమే క్షేమం.

వినాయకుడి విషయంలో ఒక మనవి. కవరు మీది ముద్ర విరగవచ్చు, తెరిచాక చెత్తబుట్టలోకి పోవచ్చు. దేవుడి రూపానికి అలా జరగడం పెద్దలకు బాధ కలిగిస్తుంది. వినాయకుణ్ణి లోపలి శుభలేఖ మీద ఉంచి, ముద్రకు వధూవరుల పేర్లలోని మొదటి అక్షరాలో, ఒక మామిడాకో, కలశమో తీసుకుంటే ఏ పేచీ ఉండదు. శుభలేఖ మూలలకు పసుపు రాసేది ముద్ర వేయడానికి ముందే పూర్తి చేసి ఆరనివ్వండి. పసుపు తడి మీద లక్క నిలవదు.

ప్రశ్న: లక్క పురుగుల నుంచి వస్తుందంటారు. మేము శాకాహారులం, జీవహింస ఉన్నవి వాడము. వేరే మార్గముందా? నల్ల రంగు ముద్ర అందంగా ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు, వేయవచ్చా?
– హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్నది నిజమే. కొమ్మల మీది లక్కను గీకి తీసేటప్పుడు దానిలోని పురుగులు చాలావరకు చనిపోతాయి. పెళ్ళికూతురి పాదాలకు దిద్దే లత్తుకను కూడా పూర్వం ఈ లక్క రంగుతోనే చేసేవారు కనుక దీన్ని అశుభమని ఎవరూ అనుకోలేదు. అయినా మీ నియమం మీకు ముఖ్యం. వంగే రకం ముద్ర మైనాలలో కృత్రిమ జిగుర్లతో చేసినవి ఉన్నాయి. లక్క, తేనెమైనం రెండూ లేవని పెట్టె మీద రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి.

నలుపు విషయంలో అబ్బాయికి ఒక సంగతి చెప్పండి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో నల్ల ముద్ర పడిన ఉత్తరం వచ్చిందంటే ఇంట్లో మరణవార్త అనే అర్థం. మన ఇళ్ళలోనూ శుభకార్యాల కాగితాలకు నలుపు తగలనివ్వరు. స్నేహితుల మధ్య అయితే అతని ఇష్టం. పెద్దలకు రాసేటప్పుడు మాత్రం కుంకుమ రంగో, ముదురు ఆకుపచ్చో వాడమనండి.

ప్రశ్న: మా తాతగారికి 1950లలో వచ్చిన కొన్ని ఉత్తరాల మీద లక్కముద్రలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎలా భద్రపరచాలి? ఇప్పుడు నాకు వచ్చే ముద్ర ఉత్తరాలను విరగకుండా ఎలా తెరవాలి?
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొత్తగా వచ్చే వాటిని మూత వైపు తెరవకండి. కవరు పొట్టి అంచును సన్నని కత్తితో కోస్తే ముద్ర చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత వాటిలో ఇప్పటికే చిట్లిన ముద్రలుంటే బంకతో అతికించే ప్రయత్నం చేయవద్దు. రాలిన ముక్కలను ఒక చిన్న కాగితపు పొట్లంలో వేసి ఆ ఉత్తరంతోనే ఉంచండి. ఉత్తరాలను కట్టగా దారంతో బిగించి కడితే ఒకదాని ముద్ర మరొకదాని కాగితం మీద ఒత్తుకొని రెండూ దెబ్బతింటాయి. మధ్యలో బటర్ పేపరు పెట్టి, వెడల్పాటి అట్టపెట్టెలో పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కువ పేర్చకుండా ఉంచండి. అనంతపురం వేసవిలో పైకప్పు కింది అటక మీద వేడి విపరీతంగా ఉంటుంది కాబట్టి పెట్టెను అక్కడ కాక, గదిలో గోడ బీరువా కింది అరలో పెట్టండి.